పొయ్యి లెక్క రాయని బొగ్గు బ్యాటరీ

బోస్టన్, 1896.

పెద్ద కొలిమి. దాని మీద బారులు తీరిన వంద ఇనప కుండలు. వాటిలో కాగుతున్నది నీళ్లు కాదు, నూనె కాదు. సబ్బులు చేసేవాళ్లు వాడే కాస్టిక్ సోడా. సుమారు 320 డిగ్రీల దగ్గర కరిగి, నీళ్లలా తేటపడుతుంది. ఇక్కడ దాన్ని 400 నుంచి 500 డిగ్రీల మధ్య ఉంచారు. ఆ ద్రవం చుక్క చేతి మీద పడితే తోలు తినుకుంటూ లోపలికి దిగిపోతుంది. గాజునీ వదలదు, పింగాణీనీ వదలదు. దాని ధాటికి ఓర్చుకునే చవక లోహం ఇనుము. అందుకే ఇనప కుండలు.

ఒక్కో కుండలోకీ పైనుంచి ఒక నల్లటి కడ్డీ వేలాడుతోంది. బొగ్గును పొడి చేసి, అచ్చు పోసి, కాల్చి చేసిన కడ్డీ అది. కుండ గోడకు తగలకూడదు, అడుగుకు ఆనకూడదు. కుండలోకి ఒక సన్నటి గొట్టం కూడా దిగింది. దాని కొసన చిల్లులు. బయట పంపు కొట్టే గాలి ఆ చిల్లుల్లోంచి బుడగలు బుడగలుగా లేచి, కరిగిన సోడానంతా కలియబెడుతుంది. కుండ ధన ధ్రువం, కడ్డీ రుణ ధ్రువం. ఒక కుండ తీగను పక్క కుండ కడ్డీకి, ఆ కుండ తీగను మరో కడ్డీకి... అలా వందా వరసగా కలిపారు.

రెండు కొసల దగ్గరా మీటర్లు పెట్టి చూస్తే 90 వోల్టులు, 16 ఆంపియర్లు. అంటే దగ్గర దగ్గర ఒకటిన్నర కిలోవాట్లు. ఆ రోజుల్లో వాడుకలో ఉన్న 16 క్యాండిల్ పవర్ బల్బులైతే ఇరవై అయిదుకు తక్కువ కాకుండా వెలుగుతాయి. బాయిలర్ లేదు, ఆవిరి లేదు, డైనమో లేదు. కడ్డీ తరిగిపోతూ ఉంటుంది, కరెంటు వస్తూ ఉంటుంది.

ఈ కుండల యజమాని పేరు విలియం వైట్ జాక్వెస్. అప్పటికి నలభై దాటిన మనిషి. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో డాక్టరేట్ చేసి, బోస్టన్‌లో బెల్ టెలిఫోన్ కంపెనీకి పనిచేసినవాడు. అంతకుముందు ఇంకో సాహసం కూడా చేశాడు. ఎడిసన్ ఫోనోగ్రాఫ్‌ను చిన్నది చేసి పిల్లల బొమ్మ పొట్టలో అమర్చే పని మొదలుపెట్టిన ఇద్దరిలో ఈయన ఒకడు. ఆ మాట్లాడే బొమ్మ 1890లో అంగళ్లలోకి వచ్చింది, గొంతు కీచుమనడంతో వారాల్లోనే వెనక్కి వెళ్లిపోయింది. ఈసారి ఆయన చేతిలో ఉన్నది బొమ్మ కాదు. 1896 మార్చి 3న బొగ్గు కుండకు అమెరికా పేటెంటు కూడా వచ్చింది.

వంద కుండలూ ఒక్కసారిగా కరెంటు ఇచ్చినప్పుడు ఆయన నోట ఏ మాట వచ్చిందో నాకు దొరకలేదు. కాబట్టి ఇక్కడ ఆయనచేత ఏ డైలాగూ చెప్పించడం లేదు. కానీ ఆయన ఎందుకు అంత పొంగిపోయి ఉంటాడో చెప్పడం కష్టం కాదు.

అప్పట్లో కరెంటు అంటే ఆవిరి యంత్రమే. బొగ్గు కాల్చాలి, నీళ్లు మరిగించాలి, ఆ ఆవిరితో ఇంజను తిప్పాలి, ఇంజనుతో డైనమో తిప్పాలి. ఇన్ని చేతులు మారేసరికి బొగ్గులో ఉన్న శక్తిలో పదో వంతు మిగిలితే గొప్ప. మిగిలిన తొమ్మిది వంతులూ పొగగొట్టం పాలు. 1894లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ ఇంజనీర్ల సభలో ఈ సంగతే ఎత్తి చూపాడు. బొగ్గునూ గాలిలోని ఆక్సిజన్‌నూ మంటలో కాకుండా బ్యాటరీలో కలిపితే ఈ నష్టమంతా తప్పుతుందనీ, రాబోయే కాలం పొగ లేని కాలమనీ ఊరించాడు. ఈయనకే తరవాత 1909లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆస్ట్‌వాల్డ్ ఆశలో గాలి మేడలేమీ లేవు. కాగితం మీద లెక్క ఇవాళ్టికీ అంతే. 12 గ్రాముల శుద్ధ కార్బన్ ఆక్సిజన్‌తో పూర్తిగా కలిస్తే 394 కిలోజౌళ్ల శక్తి విడుదలవుతుంది. చాలా ఇంధనాల విషయంలో ఆ శక్తిలో కొంత ఎలాగూ వేడిగా పోవాల్సిందే, ప్రకృతి వసూలు చేసే పన్ను అది. కార్బన్‌కు ఆ పన్ను దాదాపు సున్నా. సిద్ధాంతరీత్యా దాదాపు నూటికి నూరూ కరెంటుగా రావచ్చు. వోల్టేజీలో చెప్పాలంటే కుండకు 1.02. కిలో కార్బన్‌కు 9 యూనిట్లు. మన థర్మల్ కేంద్రాలు అదే కిలో నుంచి పిండేది మూడు, మూడున్నర.

జాక్వెస్ కుండకు దాదాపు ఒక వోల్టు వచ్చింది. మరి పొంగిపోడా?

1896 డిసెంబరు హార్పర్స్ మాసపత్రికలో ఆయన వ్యాసం అచ్చయింది. బొగ్గులోని శక్తిలో 82 శాతం కరెంటుగా తీశానన్నాడు. ఆవిరి యంత్రం పదికి అటూ ఇటూగా కొట్టుకుంటున్న రోజుల్లో 82! సముద్రాలు దాటే ఓడలు కూడా ఇక బాయిలర్లు లేకుండా నడుస్తాయన్నది ఆయన కల.

అక్కడి నుంచే కథ అడ్డం తిరిగింది.

ఛార్లెస్ రీడ్ అనే ఎలక్ట్రికల్ ఇంజనీరు కలం పట్టుకున్నాడు. ఆయన అడిగింది పెద్ద శాస్త్ర ప్రశ్నేమీ కాదు, ఇంటి ఖర్చు రాసుకునే ఇల్లాలు అడిగే ప్రశ్న. కుండలో కడ్డీ ఎంత అరిగిందో లెక్క రాశారు, బాగుంది. కుండ కింద కొలిమిలో తగలబెట్టిన బొగ్గు ఎవరి పద్దులో? గాలి కొట్టే పంపు తిన్న శక్తి ఎవరి పద్దులో? ఆ రెండూ కలిపి మళ్లీ కూడితే 82 శాతం కాస్తా 8 శాతానికి దిగింది. అంటే ఏ ఆవిరి యంత్రాన్ని పాతసామాన్ల కొట్టుకు పంపుతానన్నాడో దానికంటే కూడా అడుగున. పైగా ఆ వచ్చే కరెంటు కూడా రసాయన చర్య వల్ల కాదు, వేడి తేడాల వల్ల పుట్టే ఉష్ణ విద్యుత్తు మాత్రమేనని రీడ్ కొట్టిపారేశాడు. ఆ రెండో మాట నిలబడలేదు. మొదటిది నిలబడింది.

జాక్వెస్‌ను మోసగాడని నేను అనను. 90 వోల్టులు నిజం, 16 ఆంపియర్లు నిజం. కడ్డీ అరుగుదలా నిజమే. కుండ లోపలి లెక్క సరిగ్గానే రాశాడు. కుండ బయటది రాయలేదు. కొత్తది కనిపెట్టామని ప్రకటించేవాళ్లలో ఈ అలవాటు ఇప్పటికీ పోలేదు.

అసలు దెబ్బ ఎనిమిదేళ్ల తరవాత జర్మనీలోని కార్ల్స్‌రూహె నుంచి వచ్చింది. కొట్టినవాడు ఫ్రిట్జ్ హాబర్. గాలిలోని నైట్రోజన్ నుంచి అమ్మోనియా తీసి ఎరువుల చరిత్ర మార్చినవాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు ప్రయోగించి చెడ్డపేరు మూటగట్టుకున్నవాడు, ఆ హాబరే. ఇవన్నీ ఇంకా జరగకముందు, 1904లో, లుడ్విక్ బ్రూనర్‌తో కలిసి జాక్వెస్ కుండను తిరగదోడాడు. కరిగిన సోడాలో బొగ్గు తనంత తానుగా కరెంటు ఇవ్వడం లేదని వాళ్లు తేల్చారు. బొగ్గు ముందు సోడాతో, అందులో ఉన్న కాస్త నీటితో చర్య జరిపి హైడ్రోజన్ విడుదల చేస్తోంది. ఆ హైడ్రోజనే ఆక్సిజన్‌తో కలిసి కరెంటు ఇస్తోంది. అంటే జాక్వెస్ కట్టింది బొగ్గు బ్యాటరీ కాదు. ఆయనకు తెలియకుండానే హైడ్రోజన్ బ్యాటరీ కట్టాడు.

అది కూడా పోనీ అనుకోవచ్చు. కరెంటు ఎలా వస్తే ఏం, వస్తోంది కదా! కానీ అసలుకే ఎసరు పెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. బొగ్గు ఆక్సిజన్‌తో కలిస్తే పుట్టేది బొగ్గుపులుసు వాయువు, కార్బన్ డయాక్సైడ్. కాస్టిక్ సోడాకు అది కనిపిస్తే చాలు, పట్టి మింగేస్తుంది. మింగి, కార్బనేట్‌గా మారిపోతుంది. మన బట్టల సోడా, అదే చాకలి సోడా, ఈ సోడియం కార్బనేటే. కరిగేది 851 డిగ్రీల దగ్గర. 500 డిగ్రీల కుండలో దానికి కరిగి తేటపడే యోగం లేదు. గంటలు గడిచేకొద్దీ సోడా తగ్గుతుంది, కార్బనేట్ పెరుగుతుంది. తేటగా ఉన్న ద్రవం చిక్కబడుతుంది, ముద్దకడుతుంది. కరెంటు పుట్టే కొద్దీ కరెంటు పుట్టించే సరుకే చస్తుంది. ఓడ నడపడం మాట దేవుడెరుగు, కుండలను నెలల తరబడి నడపడమే అసాధ్యం. సోడాను ఎప్పటికప్పుడు పారబోసి కొత్తది పోస్తూ ఉంటే బొగ్గు కంటే సోడా ఖర్చే తడిసి మోపెడవుతుంది.

వంద కుండలూ చల్లారిపోయాయి. జాక్వెస్ 1932 దాకా బతికాడు గానీ బొగ్గు కుండ మళ్లీ తలెత్తలేదు.

ఇప్పుడు జ్యూరిక్ వెళ్దాం. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చే మలుపు ఇక్కడే ఉంది.

ఎమిల్ బావర్ 1911లో అక్కడి ఫెడరల్ టెక్నికల్ యూనివర్సిటీకి ప్రొఫెసర్‌గా వచ్చాడు. మొదటి ప్రయత్నాల్లో ఆయన మూసలో ఏముందో చూడండి. అడుగున కరిగిన వెండి. పైన కరిగిన లవణం. అందులో ముంచిన బొగ్గు కడ్డీ. వేడి 1000 డిగ్రీలు. వెండి ఎందుకంటే, కరిగిన వెండికి ఆక్సిజన్‌ను విపరీతంగా పీల్చుకునే గుణం ఉంది. తన ఘనపరిమాణానికి ఇరవై రెట్లు దాకా తాగేస్తుంది. చల్లారి గడ్డకట్టేటప్పుడు అదంతా ఒక్కసారిగా కక్కేస్తే పైపొర పగిలి వెండి చిమ్ముతుంది. కంసాలులకు బాగా తెలిసిన తంతే. ఆ తాగే గుణాన్ని బావర్ ధన ధ్రువానికి వాడుకున్నాడు. ఏ లవణం బాగుంటుందని ఒక్కొక్కటీ పరీక్షిస్తూ పోయాడు. వాటిలో కార్బనేట్లు కూడా ఉన్నాయి.

అవును, జాక్వెస్ కుండను చంపిన అదే కార్బనేట్. పాత కుండలో అది కల్తీ, కంటగింపు. ఇక్కడ దాన్నే ప్రధాన ద్రవంగా పోశారు. ఇప్పటికే కార్బనేట్‌గా ఉన్నదాన్ని బొగ్గుపులుసు వాయువు ఇంకేం చెడగొడుతుంది? 

చెడగొట్టకపోవడమే కాదు, ఆ వాయువే పనిలోకి దిగుతుంది. కరిగిన ఉప్పులో కార్బనేట్ అయాన్ కావడి మోసే మనిషి లాంటిది. గాలి ఉన్న ధ్రువం దగ్గర ఆక్సిజన్, రెండు బొగ్గుపులుసు అణువులు, నాలుగు ఎలక్ట్రాన్లు కలిస్తే రెండు కార్బనేట్లు తయారవుతాయి. అవి ఉప్పులో ఈదుకుంటూ బొగ్గు దగ్గరికి వచ్చి, తెచ్చిన ఆక్సిజన్‌ను అక్కడ దించుతాయి. ఒక కార్బన్ పరమాణువు ఆ ఆక్సిజన్‌ను అందుకుని నాలుగు ఎలక్ట్రాన్లను తీగలోకి వదులుతుంది. మూడు బొగ్గుపులుసు అణువులు పైకి లేస్తాయి. వాటిలో రెండిటిని గొట్టంతో మళ్లీ గాలి ధ్రువానికి పంపితే అవే కొత్త కావడి ఎత్తుకుంటాయి. మూడోది బయటికి పోతుంది. ఉప్పు ఎంత ఉన్నది అంతే ఉంటుంది. తరిగేది బొగ్గు ఒక్కటే.

ఇంకో లాభం కూడా ఉంది. బయటికి వచ్చే ఆ వాయువులో నైట్రోజన్ కలవదు, ఎందుకంటే బొగ్గు ఉన్న వైపుకు గాలే రాదు. థర్మల్ కేంద్రపు పొగలో పదింట ఏడెనిమిది వంతులుండే నైట్రోజన్ మధ్య నుంచి బొగ్గుపులుసును ఏరుకోవడానికి ఇవాళ ఎంత డబ్బూ ఎంత శక్తీ పోస్తున్నారో తెలిసినవాళ్లకు ఈ ఒక్క మాట చాలు.

1921లో బావర్ తన సహచరులు ట్రెడ్‌వెల్, ట్రుంప్లర్‌లతో కలిసి ఇంకాస్త కుదురైన నమూనాలు అచ్చువేశాడు. కరిగిన కార్బనేట్‌ను మెగ్నీషియా పొరల్లో ఇంకించి, వేడిని 800 డిగ్రీలకు దించి, వెండి స్థానంలో ఐరన్ ఆక్సైడ్ పెట్టారు. పనిచేసింది. కానీ కరెంటు పిసరంత. కరిగిన కార్బనేట్‌ను ఆపగల పాత్ర దొరకడమే గగనం. లోహాన్ని తొలుస్తుంది, సందు దొరికితే పాకి బయటికి వస్తుంది. 1930ల నాటికి బావర్ విసిగిపోయి ద్రవాలన్నిటికీ దండం పెట్టి, పింగాణీ లాంటి ఘన పదార్థాల వైపు మళ్లాడు. 1944లో పోయాడు.

ఆయన వదిలేసిన కార్బనేట్‌ను ఆమ్‌స్టర్‌డామ్‌లో బ్రూర్స్, కెటలార్ ఎత్తుకున్నారు. 1960 నాటికి ఒక్కో సెల్‌ను ఆరు నెలలు నడిపించారు. కానీ చిన్న తిరకాసు. వాళ్లు అందులో పోసింది బొగ్గు కాదు, వాయువు. గొట్టం తిప్పితే వచ్చే వాయువుతో ఏ ఇంజనీరుకైనా పని తేలిక. బొగ్గు ఘనపదార్థం. ప్రతి రేణువూ ఇటు కరిగిన ఉప్పునూ అటు లోహపు జల్లెడనూ ఏకకాలంలో తాకి ఉండాలి. అరిగిపోయిన రేణువు చోటికి కొత్త రేణువు వచ్చి కూర్చోవాలి. 800 డిగ్రీల వేడిలో ఆ పని ఎవరు చూడాలి?

ఆ పని చూడబూనినవాళ్లు కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో తేలారు. అణ్వాయుధాల పరిశోధనకు పేరున్న చోటు అది. 2000 తరవాతి తొలి ఏళ్లలో జాన్ కూపర్, నెరీన్ చెరెపీ బృందం బొగ్గును కడ్డీగా కాక మెత్తటి పొడిగా మార్చి, లిథియం పొటాషియం కార్బనేట్ల కరిగిన మిశ్రమంలో కలిపింది. సెల్‌ను నిలువుగా కాకుండా ఏటవాలుగా నిలబెట్టారు. ఎక్కువైన ఉప్పు కిందికి జారిపోవాలి, ధ్రువం మునిగిపోకూడదు. రకరకాల కార్బన్లు వేసి చూశారు. పరమాణువులు తీరుగా పేర్చినట్టుండే గ్రాఫైట్ కంటే, చిందరవందరగా ఉండే కార్బనే చురుగ్గా స్పందించింది. చదరపు సెంటీమీటరుకు 50 నుంచి 125 మిల్లీ ఆంపియర్లు, 0.8 వోల్టుల దగ్గర. సామర్థ్యం 80 శాతం.

జాక్వెస్ అన్న 82కీ ఈ 80కీ మధ్య నూరేళ్లకు పైనే. ఈసారి నిరూపించిన చర్య కార్బన్‌దే, హైడ్రోజన్‌ది కాదు. కానీ ఇదీ సెల్ లోపలి లెక్కే అని మరిచిపోకండి. పొడి చేయడం, శుద్ధి చేయడం, ఉప్పును కరిగించి ఉంచడం దీనిలో లేవు. పెద్ద సెల్ తన వేడిని తానే నిలబెట్టుకోగలదు గనక కొలిమి బాధ కొంత తగ్గుతుంది, నిజమే.

ఇంకో సరదా సంగతి. అదే కాలంలో కాలిఫోర్నియాలోనే మరో బృందం జాక్వెస్ దారినే పట్టింది. పాత కాస్టిక్ సోడా, పాత బొగ్గు కడ్డీయే. మార్చింది ఒక్కటే, కొట్టే గాలిని తడిపి పంపారు. నీటి ఆవిరి పెరిగితే కార్బనేట్ తిరిగి సోడాగా మారే చర్య బలపడుతుంది. పాపం, జాక్వెస్‌కు ఆ చిట్కా చెప్పేవాళ్లు లేకపోయారు.

మరి ఇంత మంచిదైతే రామగుండం థర్మల్ కేంద్రంలో ఎందుకు లేదు? అడగాల్సిన ప్రశ్నే. జాక్వెస్ కుండలు వెలిగించేనాటికి ఇల్లెందు దగ్గర సింగరేణి బొగ్గు తవ్వకం మొదలై ఏడేళ్లయింది. ఇవాళ్టికీ ఆ బొగ్గు పొయ్యిలోకే వెళ్తోంది. కారణం దాని కడుపులోనే ఉంది: బూడిద. మన దేశపు బొగ్గులో వందకు 30 నుంచి 45 పాళ్లు బూడిదే. టన్ను పోస్తే మూడు నాలుగు క్వింటాళ్ల మన్ను. పొయ్యిలోనైతే రాలిపోతుంది. కరిగిన కార్బనేట్‌లో ఎక్కడికి రాలుతుంది? అందులోని ఇసుక, అల్యూమినా ఉప్పుతో కలిసి సిలికేట్లుగా మారి ఉప్పునే తినేస్తాయి. జాక్వెస్ కుండ కథే మళ్లీ మొదలు. ముందే బూడిద తీసి శుద్ధ కార్బన్ చేసుకోవచ్చు, అయితే ఆ ఖర్చును కూడా పద్దులో రాయాలి.

స్థలం సంగతి కూడా చూడండి. లివర్‌మోర్ అంకెల ప్రకారం చదరపు మీటరు ధ్రువానికి వచ్చేది 400 నుంచి 1000 వాట్లు, 800 వాట్లనుకుందాం. ఒక్క 500 మెగావాట్ల యూనిట్‌కు ఆరు లక్షల చదరపు మీటర్లు పైన కావాలి. నేల మీద పరిస్తే 150 ఎకరాలు. పొరలు పొరలుగా పేర్చుకోవచ్చు, కానీ ప్రతి పొరలోకీ బొగ్గు పొడి అందాలి. దానికి తోడు 700 డిగ్రీలు దాటితే వేడి బొగ్గు తాను విడిచిన బొగ్గుపులుసు వాయువుతోనే కలిసి కార్బన్ మోనాక్సైడ్‌గా మారిపోతుంది. ఒక్క ఎలక్ట్రానూ ఇవ్వకుండానే బొగ్గు ఖర్చయిపోతుంది. ఆ వాయువును పట్టి మళ్లీ వాడుకోకపోతే 80 శాతం మాట మరిచిపోవాల్సిందే.

కార్బనేట్ మాత్రం గెలిచింది. దక్షిణ కొరియాలోని హ్వాసంగ్‌లో 59 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ఉంది. ఒక్కోటి 2.8 మెగావాట్లిచ్చే 21 యూనిట్లు. అన్నిటిలోనూ కరెంటు మోసేది కరిగిన కార్బనేట్ ఉప్పే. ఇంధనం మాత్రం సహజ వాయువు. బొగ్గును నేరుగా కరెంటుగా మార్చే కేంద్రం ఒక్కటి కూడా ఇంతవరకూ ఏ దేశపు గ్రిడ్డుకూ ఎక్కలేదు.